కాటన్ ఇంటిపేరులో పత్తి లేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో సర్ ఆర్థర్ కాటన్ గురించి ప్రచురించిన వ్యాసం చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం గురించి ఇచ్చిన వివరాలు బాగున్నాయి గానీ, ఆయన పూర్వికులు పత్తి వ్యాపారులు కావడం వల్లనే వారికి ఆ ఇంటిపేరు వచ్చిందన్న వాక్యం సరైనది కాదు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు ఆ వాక్యాన్ని అప్పుడే తన ప్రాజెక్టు పుస్తకంలోకి ఎక్కించింది. పత్తి చేల మధ్య, జిన్నింగు మిల్లుల మధ్య పెరిగే మా నల్లగొండ జిల్లా పిల్లలకు అది ఇట్టే నమ్మబుద్ధయ్యే మాట కాబట్టి, ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాడిగా ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

పాత ఇంగ్లిషులో 'కాట్' అంటే గుడిసె. యాదగిరిగుట్టకు వెళ్లినప్పుడు మనం అద్దెకు తీసుకునే కాటేజీ కూడా ఆ మాట సంతానమే. మన భాషలో మాదిరిగానే ఆ పాత భాషలోనూ నామవాచకాలకు విభక్తి ప్రత్యయాలు చేరేవి. 'గుడిసెల దగ్గర' అని చెప్పవలసి వస్తే 'కాటుమ్' అనేవారు. నాలుగు గుడిసెలు వెలిసిన చోటికల్లా ఆ పేరే పడింది, రానురాను చివరి 'ఉమ్' అరిగి 'అన్' అయింది. కేంబ్రిడ్జి పక్కనే ఉన్న కోటన్, డెర్బీషైర్‌లోని కోటన్ ఇన్ ది ఎల్మ్స్ ఈ విధంగా పేరు పొందిన ఊళ్లే. అట్లాంటి ఊరు విడిచి మరొక చోట స్థిరపడిన మనిషిని అక్కడివారు అతని ఊరి పేరుతోనే గుర్తుపట్టేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత, ముందు భూములున్న కుటుంబాలలోనూ, సుమారు 1400 నాటికి సామాన్యులలో కూడా, ఆ గుర్తు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే ఇంటిపేరుగా నిలిచిపోయింది. కోట్స్, కాటమ్ అనే ఇంటిపేర్లు కూడా ఈ కుదురువే.

పత్తిని సూచించే కాటన్ మాట సంగతి వేరు. అది అరబ్బీ 'ఖుత్న్' నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి, చివరికి స్పెల్లింగులో ఈ ఇంటిపేరుతో కలిసిపోయింది. పైగా ఇంగ్లండులో ఇంటిపేర్లు స్థిరపడుతున్న ఆ శతాబ్దాలలో బట్ట అంటే ముఖ్యంగా ఉన్ని, ఆ తరువాత నార. పత్తి మధ్యధరా రేవుల నుంచి కొద్దికొద్దిగా దిగే సరుకు మాత్రమే. లాంకషైర్ నూలు మిల్లులు ఇంకా కొన్ని వందల ఏళ్ల తరువాతి మాట. బట్ట పని మీద వచ్చిన ఇంటిపేర్లు అక్కడ లేకపోలేదు. వెబ్‌స్టర్ అంటే నేసేవారు. వాకర్ అంటే, మన పిల్లలు అనుకునేటట్టు నడిచేవాడని కాదు, నేసిన ఉన్ని బట్టను నీళ్లలో వేసి కాళ్లతో తొక్కి చిక్కబరిచేవాడు.

ఇక ఆర్థర్ కాటన్ (1803–1899) సొంత వంశానికి వస్తే, వారు ఛెషైర్‌లోని కాంబర్‌మియర్ భూస్వాములు. ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాలను రద్దు చేసినప్పుడు, 1539లో కాంబర్‌మియర్ మఠం ఆస్తి జార్జ్ కాటన్‌కు దక్కింది. ఆర్థర్ తాత సర్ లించ్ కాటన్ ఆ వంశంలోని బ్యారనెట్లలో, అంటే వంశపారంపర్యంగా 'సర్' బిరుదు పొందినవారిలో ఒకరు. వారి కలిమికి మూలం భూమే గానీ పత్తి బేళ్లు కావు. అట్లాగని కాటన్లందరినీ ఈ ఒక్క వంశానికే ముడిపెట్టరాదు, ఎందుకంటే ఆ పేరున్న ఊళ్లు అనేకం. మన దగ్గర కొత్తపల్లి వారందరూ ఒకే వంశం కానట్లే. పాత ఇంగ్లిషు వీరకావ్యం 'బేవుల్ఫ్'కు మిగిలిన ఏకైక రాతప్రతిని తన గ్రంథాలయంలో భద్రపరచిన రాబర్ట్ కాటన్ (1571–1631) హంటింగ్‌డన్‌షైర్ వాడు. 1731 అగ్నిప్రమాదంలో అంచులు కాలి బయటపడిన ఆ ప్రతి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో కాటన్ పేరుతోనే ఉన్నది.

కాబట్టి ఆ ఇంటిపేరును తెలుగు చేయవలసివస్తే 'పత్తి' వారని కాక 'గుడిసెల' వారని అనాలి. ఆ ఇంటిపేరు మనలోనూ ఉన్నదే. మనలో ప్రత్తిపాటి వారిది కూడా ప్రత్తిపాడు అనే ఊరి నుంచి వచ్చిన పేరే తప్ప, వారి పెద్దలు పత్తి అమ్మి ఉండనక్కరలేదు. పత్తిపాక వారి ఇంటిపేరులో మాత్రం పత్తి, పాక రెండూ ఉన్నాయి. మీ వ్యాసకర్తకూ నాకూ రాజీ కుదర్చగల ఇంటిపేరు బహుశా అదొక్కటే.

వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయించగలరని కోరుతున్నాను. తాత మాట మీద ఆ వాక్యాన్ని కొట్టివేయడానికి మా మనుమరాలు ఒప్పుకోవడం లేదు. పేపర్లో వస్తేనే దిద్దుతానంటున్నది.

భవదీయుడు,
విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు,
నల్లగొండ