సింక్ నొక్కితే ఏది చెరిగిపోతుందో ముందు చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

డిజిటల్ ఫోటో ఫ్రేము ఏది కొనాలో, ఎన్ని అంగుళాలదైతే బాగుంటుందో పత్రికల్లో వస్తూనే ఉంటుంది. ఒక ఫ్రేములోని ఫోటోలు ఇంకో ఫ్రేములోకి ఎలా పంపాలో మాత్రం ఎక్కడా సరిగ్గా దొరకదు. ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నేనే రాసుకున్నాను. ఈ ఉత్తరం దాని గొప్ప చెప్పుకోవడానికి కాదు, దానితో పాటు ఇవ్వాల్సిన రెండు పేజీల మాన్యువల్ గురించి.

అమ్మ దగ్గర ఒక ఫ్రేము, అక్క దగ్గర ఇంకొకటి, రెండూ వేర్వేరు కంపెనీలవి. రెండు మెమరీ కార్డులు ల్యాప్‌టాప్‌కి పెడితే అమ్మ ఫోటోలు అక్క కార్డులోకి వెళ్లాలి, అంతే. రెండు ఆదివారాల్లో రాసేశాను. అక్కకు పంపి "సింక్ నొక్కు చాలు" అన్నాను. నొక్కింది. అమ్మ ఫ్రేములో లేని, అక్క ఫ్రేములో మాత్రమే ఉన్న పిల్లల ఫోటోలన్నీ పోయాయి! నా లెక్కలో సింక్ అంటే రెండో కార్డు మొదటిదానిలా అచ్చుగుద్దినట్టు ఉండాలి, తన లెక్కలో ఇక్కడివీ అక్కడివీ కలవాలి. బావ ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉండబట్టి బతికిపోయాను.

ఈ గొడవ పాతదే. 1996లో వచ్చిన, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్, డిలీట్ చేయమని మనం విడిగా చెబితే తప్ప అవతలి వైపు ఫైళ్లు తీసేయదు. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ ప్రోగ్రాముకి ఎంఐఆర్ అని మూడక్షరాలు తగిలిస్తే, ఇవతల లేనివన్నీ అవతల చెరిపేస్తుంది. రెండు పనుల్నీ జనం సింక్ అనే పిలుస్తారు, అందుకే ఏది చెరిగిపోతుందో మాన్యువల్లో మొదటి వాక్యంగా ఉండాలని నా పట్టుదల. ఇన్‌స్టాల్ చేయడానికి మూడు వాక్యాలు చాలు, మనవాళ్లు దానికే పది బొమ్మలు పెడతారు.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ప్రోగ్రామ్ కంటే ఫ్రేముల గురించే ఎక్కువ చెప్పాలని. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో చాలాసార్లు ఫైల్లో అడ్డంగానే ఉంటుంది, దాన్ని ఎటు తిప్పి చూపించాలో చెప్పే అంకె ఒకటి, 1 నుంచి 8 లోపు, ఫోటో ఫైల్లోనే కెమెరా రాసిపెట్టే ఎక్సిఫ్ సమాచారంలో ఉంటుంది. ఆ అంకెను పట్టించుకునే ఫ్రేములున్నాయి, పట్టించుకోనివీ ఉన్నాయి, కాబట్టి అమ్మ దగ్గర నిలబడ్డ తాతయ్య అక్క దగ్గర పడుకుని కనిపిస్తాడు. ప్రోగ్రామే ఫోటోను తిప్పి రాస్తుందా, ఉన్నదున్నట్టు కాపీ చేస్తుందా అన్నది మాన్యువల్లో లేకపోతే వాడేవాళ్లు ఫ్రేము పాడైందనుకుంటారు. సైజు సంగతి ఇంకా ముఖ్యం. 4000 బై 3000 పిక్సెళ్ల ఫోటోను 1024 బై 600 ఫ్రేముకు సరిపడా కుదించడం ఫ్రేముకు మంచిదే, కానీ ఆ కార్డునే ఆల్బమ్ అనుకుని ఫోన్లో ఒరిజినల్ తీసేసే వాళ్లుంటారు, వాళ్లకు ఆ సంగతి లావుపాటి అక్షరాల్లో చెప్పాలి. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి చాలా ఐఫోన్లు హెచ్‌ఈఐసీ రకం ఫోటోలు తీస్తున్నాయి, జేపెగ్ మాత్రమే తెలిసిన ఫ్రేములో అవి కాపీ అయినా కనబడవు.

ఇంకో చిత్రం, ఒకే ఫోటో ప్రతిసారీ మళ్లీ కాపీ అవడం. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన కార్డు ఫైలు టైమును రెండేసి సెకన్ల లెక్కనే గుర్తుపెట్టుకుంటుంది, టైము చూసి పోల్చే ప్రోగ్రామ్ ఆ ఒక్క సెకను తేడాకే ఇది వేరే ఫోటో అనుకుంటుంది. పోనీ పేరు చూసి పోలుద్దామంటే, రెండు కెమెరాల్లోనూ ఐఎంజీ 0001 ఉంటుంది. చివరికి ఫోటో లోపలి డేటానే పోల్చేలా మార్చాను. నిదానంగా నడుస్తుంది, ఆ మాటా మాన్యువల్లో రాశాను.

ఇంత రాసి అక్కకు చూపిస్తే మొదటి పేజీలోనే ఆగిపోయింది. "సోర్స్ ఏది, డెస్టినేషన్ ఏది?" అంది. తనే రెండు కార్డుల మీద చిన్న కాగితాలు అంటించి "ఇచ్చేది", "పుచ్చుకునేది" అని రాసుకుంది. నేను సిగ్గుపడి ప్రోగ్రామ్‌లో బటన్ల పేర్లు కూడా అవే పెట్టాను. డ్రై రన్ అన్నచోట ఇప్పుడు "చేయకుండా చూపించు" అని ఉంటుంది.

ఒక మనవి. మీ పేజీల్లో యాప్‌లకూ సాఫ్ట్‌వేర్లకూ మార్కులు వేసేటప్పుడు వాటి హెల్ప్ పేజీ కూడా ఒకసారి తెరిచి చూడండి. అది ఏమేం చెరిపేస్తుందో అందులో రాసి ఉందో లేదో, ఒక్క ముక్క వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు