మాస్కు ఉత్తర్వులో ‘మినహాయింపు’ అంటే సరిపోదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాస్కు తప్పనిసరి చేసే ఉత్తర్వుల్లో చివర ఎక్కడో ‘వికలాంగులకు మినహాయింపు’ అని ఒక ముక్క ఉంటుంది. ఎవరికి, ఎందుకు, బదులుగా ఏం చేయాలన్నది ఉండదు. ఆ ఖాళీని గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి తనకు తోచినట్టు పూరిస్తాడు.

వినికిడి లోపం సంగతే చూడండి. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునేవారికి తమ మాస్కుతో చిక్కు లేదు, కౌంటర్ వెనక ఉన్నవారి మాస్కుతోనే. కాబట్టి మినహాయింపు వాళ్లకు దేనికీ పనికిరాదు. పైగా మామూలు సర్జికల్ మాస్కు గొంతులోని హెచ్చు పౌనఃపున్యాలను, అంటే సన్నని కీచు ధ్వనులను, 3–4 డెసిబెల్స్ తగ్గిస్తుంది, ఎన్95 అయితే సుమారు 12. స, ష, చ లాంటి హల్లులు తెలిసేది అక్కడే. గట్టిగా అరిస్తే అచ్చులు మోగుతాయి, హల్లులు మాత్రం తేలవు. పారదర్శక మాస్కులో పెదవులు కనబడతాయి గానీ, ఆ ప్లాస్టిక్ ధ్వనిని ఇంకా అడ్డుతుంది, ఊపిరికి మసకబారుతుంది. అందుకే కౌంటర్‌లో కాగితం, లావు పెన్ను, మాటను అక్షరాలుగా చూపే ఫోనూ ఉండాలి.

చెవి వెనక హియరింగ్ ఎయిడ్ ఉన్నవారు మాస్కు లాగితే యంత్రమూ ఊడి రావచ్చు. తల వెనక ముడివేసే మాస్కులు కొన్ని గేటు దగ్గరే ఉంచితే తీరే సమస్య ఇది.

మాస్కు తమ చేత్తో తీసేయలేనివారికి అసలు పెట్టకూడదు. వాంతి అయితే ఊపిరాడదు. ట్రకియాస్టమీ అయినవారు మెడ దగ్గరి రంధ్రంతో ఊపిరి తీస్తారు. ముక్కుకు మాస్కు కట్టిస్తే గార్డు తృప్తిపడతాడు, వాళ్లు పీల్చే గాలి మాత్రం వడపోత లేకుండానే లోపలికి పోతుంది.

మరోవైపు, అవయవ మార్పిడి అయి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారికి పక్కవాళ్ల మాస్కూ రక్షణే. అందుచేత మాస్కు పెట్టుకోలేనివారికి ఆరుబయట సేవలందించే కిటికీ, లేదా ముందుగా ఖరారు చేసిన సమయం ఇవ్వండి. ఫేస్ షీల్డ్ చాలనకండి. కింది నుంచీ పక్కల నుంచీ గాలి ఆడుతూనే ఉంటుంది.

సముచిత సర్దుబాటు, అంటే వికలాంగుల అవసరానికి తగ్గ మార్పు, నిరాకరించడమూ వివక్షేనని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక చెబుతోంది. గేటు దగ్గర డాక్టర్ చీటీ అడగవద్దని ఉత్తర్వులోనే రాయండి. ఏ కిటికీ, ఏ సమయం అన్న బోర్డు క్యూ మొదలయ్యే చోట, వీల్‌చైర్‌లో కూర్చున్నవారి కంటి ఎత్తులో పెట్టించండి.

ఇట్లు,
వినికిడి, పునరావాస సేవల్లో పనిచేస్తున్నవారం