మా నాయనకు ఆధార్ లేదు మేడమ్, డబ్బు మాత్రం ఉంది

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

తిరుపతి నుంచి ఒక ప్రైవేటు స్కూలు టీచరు నమస్కరించి రాయునది. చనిపోయిన మా నాయన బ్యాంకు డిపాజిట్ గురించి ఇంతకుముందు రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే 'పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఆ మెసేజ్‌లోనూ లేదు, మా ఇంట్లోనూ లేదు. మీకు తెలుగు వచ్చు కాబట్టి ఈసారి తెలుగులోనే, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2025 అక్టోబరు 4న గాంధీనగర్‌లో మీరు 'మీ డబ్బు, మీ హక్కు' ప్రచారం మొదలుపెట్టిన వార్తను మా అమ్మ టీవీలో చూసింది. ఎవరూ అడగని సొమ్ము 1.84 లక్షల కోట్ల రూపాయలుందని మీరే చెప్పారు. అమ్మకు అన్ని సున్నాలు తెలియవు. "అందులో మీ నాయనది ఎంతుందే?" అని మాత్రం అడిగింది.

నాయన చిత్తూరు బెల్లం మండీలో గుమస్తా. 2008లో 60 వేలు మూడేళ్లకు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. 2010 జనవరిలో పోయారు. ఆ బాండు మాకు దొరికింది మొన్న ఎండాకాలంలో, ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత క్యాలెండరు కింద. చెదలు ఒక మూల తినేశాయి. పుణ్యానికి నంబరున్న మూల కాదు.

పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు ఫండ్‌కు పోతుందనీ, పోయినా వారసులు ఎప్పుడైనా తీసుకోవచ్చనీ మీకు నేను చెప్పక్కర్లేదు. ఫండ్‌లో పడ్డాక ఇచ్చేది 3 శాతం వడ్డీ. బాండు మీదేమో తొమ్మిది. వడ్డీకాసులవాడి ఊళ్లో ఉంటున్నాం మేడమ్, వడ్డీ లెక్కలు మాకు తెలియక కాదు. పోనీలెండి, ఆ గొడవ ఇప్పుడు వద్దు. అసలు ఇస్తే చాలు.

ఎవరూ అడగని డిపాజిట్లను వెతికే ఉద్గమ్ పోర్టల్‌లో వెతికాను. నాయన పేరు మొదట్లో 'ముని' ఉంది, చివర 'స్వామి' ఉంది. మా వైపు వీధికి ముగ్గురు మునులుంటారు. ఇంగ్లీషులో ఆ 'ము'కు ఒకరు యు రాస్తారు, ఇంకొకరు రెండు ఓలు రాస్తారు. స్వామికి డబ్ల్యూ రాసేవారు కొందరు, వి రాసేవారు కొందరు. పుట్టిన తేదీ కూడా కొట్టాను. అది బడిలో చేర్పించినప్పుడు అయ్యవారు వేసిన జూలై 1, నాయన నిజంగా ఎప్పుడు పుట్టారో అవ్వకే గుర్తులేదు. అయిదో స్పెల్లింగుకు దొరికారు. రాత్రి పదకొండు గంటలప్పుడు ఫోనులో నాయన పేరు చూసి నేనూ అమ్మా కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

రిజర్వు బ్యాంకు ఆ పోర్టల్ పెట్టినందుకు నిజంగానే కృతజ్ఞతలు. వెతకడం అంత సులువు చేసి, తీసుకోవడం ఎందుకిలా చేశారన్నదే నా బాధ.

చిత్తూరులో ఆ బ్యాంకు శాఖకు ఇప్పటికి ఏడుసార్లు తిరిగాను. పోయిన ప్రతిసారీ స్కూల్లో ఒకరోజు జీతం కట్. స్త్రీశక్తి పుణ్యమా అని బస్సు టికెట్టు లేదు, అదొక్కటే మిగులు. మొదటిసారి కౌంటరులో అడిగిన కాగితం ఏంటో తెలుసా? మా నాయన ఆధార్. దేశంలో తొలి ఆధార్ కార్డు ఇచ్చిందే 2010 సెప్టెంబరులో. మా నాయన అంతకు ఎనిమిది నెలల ముందే పోయారని చెప్పాను. "అయితే ఎట్లా మేడమ్, సిస్టమ్ తీసుకోదు" అన్నారు. చనిపోయే ముందు ఇంకొంచెం ఆగాల్సిందన్నట్టు!

రెండోసారి పేర్లు పట్టుకున్నారు. బాండులో నాయన యుతో ఉన్నారు. డెత్ సర్టిఫికెట్‌లో రెండు ఓలతో ఉన్నారు. రేషన్ కార్డులో స్వామి పోయి 'సామి' మిగిలారు. ఈ ముగ్గురూ ఒక్కరేనని రుజువు కావాలన్నారు. స్టాంపు పేపరు మీద రాయించి నోటరీ చేయించాను. నోటరీది చాలదు, తహసీల్దారు ఆఫీసు నుంచి తెమ్మన్నారు. అక్కడికి పోతే, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టయితే ఇస్తాం గానీ స్పెల్లింగులు బ్యాంకువాళ్ల తలనొప్పి అన్నారు. ఆ సర్టిఫికెట్టు కూడా వెంటనే రాలేదు. నాయన పోయింది చిత్తూరులో, మా రేషన్ కార్డు ఇప్పుడు తిరుపతిలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాను చీల్చారు కదా, విచారణ ఎవరు చేయాలని రెండు ఆఫీసులూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నాయి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే 'మా పరిధిలోకి రాదు' అని రాసిచ్చారు. ఆ మాత్రమైనా కాగితం మీద రాసిచ్చింది వాళ్లొక్కరే.

నామినీగా నాయన పెట్టింది మా అవ్వను. ఆమె 2011లో పోయింది. ఇక మిగిలింది అమ్మ, నేను, కువైట్‌లో ఉన్న తమ్ముడు. వాడి సంతకం ఎంబసీలో చేయించి పంపమన్నారు, పంపాడు. అందులో అమ్మ పేరులో ఒక అక్షరం ఎక్కువుందట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చనిపోయినవారి ఖాతాల క్లెయిముల మీద రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ప్రింటు తీసి చూపించాను. వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల లోపు, వారసుల మధ్య తగాదా లేకపోతే కోర్టు సర్టిఫికెట్టు అక్కర్లేదు. వారసులెవరో చెప్పడానికి కుటుంబంతో సంబంధం లేని తెలిసిన మనిషి అఫిడవిట్ ఇచ్చినా తీసుకోవచ్చు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి, లేటయితే బ్యాంకే పరిహారం కట్టాలి. మేనేజరు గారు శ్రద్ధగానే చదివారు. చదివి ఏమన్నారంటే, "మీ కాగితాలు ఇంకా పూర్తి కాలేదు కదమ్మా, 15 రోజులు మొదలే కాలేదు."

కిటుకంతా ఇక్కడే ఉంది మేడమ్. పూర్తయ్యాయని చెప్పాల్సింది వాళ్లే. ఏది తక్కువో రాసివ్వండి అంటే రాసివ్వరు, నోటితో చెప్తారు. పోయినసారి చెప్పినది ఈసారికి మారుతుంది. నేనిచ్చిన ఫైలుకు రసీదు కూడా లేదు. మా ఊళ్లో శ్రీనివాసంలో సర్వదర్శనం టోకెన్ తీసుకుంటే దేవుడే ఎన్ని గంటలకు రమ్మంటాడో దాని మీద ఉంటుంది. అన్ని వేలమందికి ఆయన చెప్పగలిగింది ఒక బ్యాంకు నాకు చెప్పలేదా?

ఇన్ని అఫిడవిట్లు ఎందుకు, కాణిపాకం వినాయకుడి ముందు తలస్నానం చేసి ప్రమాణం చేయమంటే చేస్తాను. ఈ ముని మా నాయనే, ఈ డబ్బు ఆయన చెమటే అని. మేనేజరు గారినీ పక్కన నిలబడమనండి. అక్కడ తప్పుడు ప్రమాణం చేసే ధైర్యం మా జిల్లాలో ఎవరికీ లేదు.

కోపంలో ఏదైనా ఎక్కువ రాసి ఉంటే క్షమించండి. మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. పోయినసారి ఆమె సంతకం తమ ముందే చేయాలని బ్యాంకువాళ్లంటే చిత్తూరు దాకా తీసుకుపోయాను. రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, సంతకాలు చూసే ఆఫీసరు లీవులో ఉన్నారని పంపేశారు. బస్సులో ఆమె, "వద్దులేవే, మీ నాయన మనకు ఇవ్వాలనుకుంటే ఇంట్లోనే పెట్టుండేవాడు" అంది. బ్యాంకు మీద నాయనకున్న నమ్మకాన్ని తప్పుపట్టడం అమ్మ నోట అదే మొదటిసారి విన్నాను.

క్యాంపులు పెట్టించారు, ప్రకటనలు ఇచ్చారు, సంతోషం. ఇప్పుడు దయచేసి ఆ కౌంటర్ల వైపు కూడా ఒకసారి చూడండి. మా పని చేయించండి అని ఏడవడం లేదు. సరే, అదీ అడుగుతున్నాను. ముందు మాత్రం, ఏ కాగితం తక్కువైందో తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సీలు కొట్టి ఇమ్మని ఒక్క మాట చెప్పండి. ఒక్కసారి రాసిచ్చాక కొత్తది అడగకూడదని కూడా చెప్పండి. ఆధార్ పుట్టకముందు పోయినవాళ్లను ఆధార్ అడగొద్దని కూడా.

వచ్చే బుధవారం ఎనిమిదోసారి చిత్తూరు పోతున్నాను. బాండును ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాను, రెండో మూల కూడా రాలుతోంది.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక గుమస్తా కూతురు