నీ ప్రశ్న నీది, శిరీషా

విశాఖపట్నం

చి.ల.సౌ. శిరీషకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. బుజ్జిగాడికి దగ్గు తగ్గిందని అల్లుడుగారు మీ నాన్నకు చెప్పారట, మనసు కుదుటపడింది. ఫోన్‌లో మాట్లాడదామంటే వాడు ఫోన్ లాక్కుంటాడు, ఏ మాటా పూర్తి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన కె99 అప్లికేషను, అదే సొంత ల్యాబ్ పెట్టుకోబోయే పరిశోధకులకిచ్చే గ్రాంటుది, పన్నెండు పేజీలూ చదివాను. మెదడు స్కానింగుల లెక్కలు నాకు అందలేదుగానీ మిగతాది అర్థమైంది. వార్డులో కేసు షీట్లు చదివీ రాసీ వచ్చిన ఇంగ్లీషు ఆ మాత్రం పనికొచ్చింది. చదవడం అయ్యాక ఒక్కటే తోచింది తల్లీ. అందులో మీ ప్రొఫెసర్‌గారు కనిపించినంతగా నువ్వు కనిపించలేదు. ఏ పేరా చూసినా ‘మా ల్యాబ్‌లో’, ‘మా ప్రొఫెసర్‌గారి పద్ధతిలో’ అనే ఉంది. పెద్దవాళ్ళను ముందు పెట్టి మాట్లాడమని మేమే నేర్పాం, దాన్ని తప్పు పట్టను. కానీ ఈ గ్రాంటు ఇచ్చేది దేనికో ఒకసారి ఆలోచించు.

నువ్వు పంపిన నోటీసు కూడా చదివాను. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళు 2006లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటికే వాళ్ళకో దిగులు పట్టుకుంది. పీహెచ్‌డీ చేసి, పోస్ట్‌డాక్‌గా ఏళ్ళ తరబడి ఇంకొకరి ల్యాబ్‌లో పనిచేసి, తన పేరు మీద మొదటి పెద్ద గ్రాంటు తెచ్చుకునేసరికి మనిషికి నలభై దాటుతోంది. చురుకుగా ఆలోచించే వయసంతా పరాయి ప్రశ్నలకే ఖర్చవుతోంది. అందుకని రెండు దశలుగా ఇస్తున్నారు. మొదటి దశలో రెండేళ్ళ వరకూ గైడు దగ్గరే ఉండి, నీకింకా రానిది నేర్చుకోవాలి. ఈలోగా ఏదైనా యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం సంపాదించుకుంటే రెండో దశ, ఆర్00. మూడేళ్ళపాటు ఏడాదికి 2,49,000 డాలర్ల దాకా ఇస్తారు. మన లెక్కలో రెండు కోట్ల పైమాటే. యూనివర్సిటీ తీసుకునే వాటా కూడా అందులోంచే పోతుందనుకో, అయినా చిన్న మొత్తం కాదు. పైగా నీ పని సమయంలో నూటికి డెబ్బై అయిదు వంతులు పరిశోధనకే కేటాయించాలని షరతు. కొత్తగా చేరిన లెక్చరర్ నెత్తిన క్లాసులన్నీ పడేసే చోట ఆ షరతు ఎంత పెద్ద రక్షణో మీ నాన్నను అడుగు, చెబుతారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది, దీనికి అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. ఇలాంటివే మరికొన్ని కె గ్రాంటులకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలట. నీలా వీసా మీద ఉన్న పిల్లలకు తెరిచిన తలుపు ఇది.

మీ తాతయ్య పొలంలో ఆకుమడి నీకు గుర్తుండే ఉంటుంది. నారు నాలుగు వారాలు దాటితే ఆయన ఊరుకునేవారు కాదు. మడి ఎంత సారవంతమైనదైనా సరే, పీకి నాటాల్సిందే. ముదురు నారు బతుకుతుంది, కానీ పిలకలు వెయ్యదు. పోస్ట్‌డాక్ నాలుగేళ్ళు దాటితే ఈ గ్రాంటుకు అప్లై చెయ్యకూడదన్న నిబంధన చదివినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి నీకు చిన్నప్పుడు మీ నాన్న చెప్పేవారు. భీమవరంలో పుట్టి, ఇప్పుడు నువ్వున్న బోస్టన్‌కే వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీదా అక్కడే పనిచేశారు. అంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్ళాకనే ఒక పెద్ద బృందం ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాతే ఫోలిక్ యాసిడ్ తయారీ, హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చాయి. బోదకాలుకు ఇచ్చే ఆ హెట్రజాన్ మందు నేను నర్సింగ్ విద్యార్థినిగా ఉన్నప్పుడు ఎంతమంది చేతిలో పెట్టానో. 1948లో పోయారు. అంటే సొంత బృందంతో ఆయనకు దక్కింది ఎనిమిదేళ్ళే. ఇంకో పదేళ్ళు ముందే అలాంటి వసతి ఎవరైనా కల్పించి ఉంటే ఏమేం చేసి ఉండేవారో అనిపిస్తుంది నాకు. ఆ రోజుల్లో ఇలాంటి గ్రాంటు లేదు. నీకు ఉంది.

ఇక నీ ప్రశ్న సంగతి. మీ ప్రొఫెసర్‌గారిది పెద్దవాళ్ళలో బైపోలార్ జబ్బు (కొన్నాళ్ళు పట్టరాని హుషారు, కొన్నాళ్ళు దిగులు), మెదడు స్కానింగులు. నువ్వు అడుగుతున్నది వేరు. ఇంట్లో ఆ జబ్బు ఉన్న పిల్లల్లో, జబ్బు బయటపడక ముందే నిద్ర మారుతుందా, ఆ మార్పును ముందుగా పట్టుకోవచ్చా అని. అసలు విషయం అదైతే దాన్ని తొమ్మిదో పేజీలో, రెండో లక్ష్యం కింద ఒక మూల ఎందుకు పెట్టావు?

ఆ ప్రశ్న విలువ ఏమిటో నేను మానసిక రోగుల వార్డు నైట్ డ్యూటీల్లో చూశాను. రాత్రి రెండు గంటలకోసారి టార్చి పట్టుకుని వార్డంతా తిరిగేవాళ్ళం. ఎవరు నిద్రపోతున్నారు, ఎవరు మెలకువగా ఉన్నారు అని చూసి, తెల్లారి డ్యూటీ మారేటప్పుడు కేసు షీట్లో ‘మూడు గంటలు నిద్రపోయాడు’ అని ఒక్క ముక్క రాసేవాళ్ళం. డిగ్రీ చదివే కుర్రాడొకడు ఉండేవాడు. చేరిన కొత్తలో రాత్రి రెండింటికి లేచి బకెట్లో బట్టలు ఉతుక్కునేవాడు. మంచం కింద తుడిచేవాడు. పక్క మంచం ఆయన్ని లేపి తను పెట్టబోయే వ్యాపారం గురించి చెప్పేవాడు. తెల్లారాక చూస్తే ముఖంలో అలసటే ఉండేది కాదు. నిద్ర పట్టక బాధపడేవాడికీ, నిద్రే అక్కర్లేదనేవాడికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఆ జబ్బుకిచ్చే లిథియం మందు మొదలుపెట్టాక, రక్తంలో దాని మోతాదు సరైన చోటికి వచ్చాక, రాత్రి రౌండులో వాడు ముడుచుకుని పడుకుని కనిపించేవాడు.

వాళ్ళమ్మ పెద్దగా చదువుకోలేదు. ఇంటికి పంపేటప్పుడు ‘వీడి నిద్ర మీద ఒక కన్నేసి ఉంచమ్మా’ అని డాక్టరుగారు చెప్పారు. ఆవిడ గోడకున్న క్యాలెండర్‌లో, ప్రతి తేదీ కిందా పెన్సిల్‌తో గీతలు పెట్టింది. ఒక్కో గీత ఒక గంట నిద్ర. మళ్ళీ చూపించడానికి వచ్చినప్పుడు ఆ కాగితాలు చింపి, మడిచి తెచ్చింది. తిరగబెట్టడానికి వారం ముందునుంచే గీతలు ఏడు నుంచి అయిదుకీ, అయిదు నుంచి మూడుకీ దిగుతూ వచ్చాయి. జబ్బు వస్తోందని ఆ కాగితమే చెప్పింది. నువ్వు పిల్లల చేతికి కట్టే ఆ గడియారం లాంటి యంత్రం చేసేదీ అదే పని, ఇంకాస్త నిక్కచ్చిగా. అయితే ఒక తల్లి ఒక కొడుకులో చూసిందాన్ని వేల మంది పిల్లల్లో నిజమా కాదా అని తేల్చాలంటే పరిశోధన కావాలి, దానికి డబ్బు కావాలి, ఏళ్ళు కావాలి, అదే పనిగా పెట్టుకున్న మనిషి కావాలి.

మానసిక జబ్బుల్లో సగం పద్నాలుగేళ్ళకే, ముప్పాతిక వంతు ఇరవై నాలుగేళ్ళకే మొదలవుతాయని నువ్వే రాశావు. మా దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు ముప్పై దాటేది. మధ్యలో ఎన్ని గుళ్ళు, ఎన్ని తాయెత్తులు, ఎన్ని చదువులు ఆగిపోవడాలు! బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బును బట్టి వాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడంలేదు. ఆ 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. నీలాంటివాళ్ళు తమ సొంత ల్యాబులు పెట్టుకోవాలని నేను ఇంతగా కోరుకునేది ఇందుకే.

నువ్వు వెనకాడుతున్నది దేనికో నాకు తెలుసు. ‘ఆయన నాకు అన్నీ నేర్పారు. ఇప్పుడు ఇది నాది, నేను పట్టుకుపోతాను అంటే ఏమనుకుంటారో’ అని. చెప్పకుండా పట్టుకుపోతే తప్పు. ముందే అడిగితే ఏ తప్పూ లేదు. అప్లికేషన్‌తోపాటు ఆయన కూడా ఒక స్టేట్‌మెంటు ఇవ్వాలి కదా. నీ పని ఆయన పనికన్నా ఎలా వేరో, నువ్వు వెళ్ళేటప్పుడు ఏ పనిని వెంట తీసుకుపోవచ్చో అందులో స్పష్టంగా రాయమని అడుగు. నిద్ర రికార్డులు, నువ్వు పోగుచేసిన పిల్లల వివరాలు, ఆ విశ్లేషణ పద్ధతి, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడుగు. ‘మీకు ఎలా తోస్తే అలా రాయండి సార్’ అని వదిలెయ్యకు. పెద్దాయనకు వంద పనులు. ఆయన మంచివాడే అయినా, నువ్వు అడగనిది ఆయనకు తట్టకపోవచ్చు. ఆ కాగితం చదివే కమిటీవాళ్ళు మాత్రం గైడు నుంచి ఈ అమ్మాయి విడిగా నిలబడగలదా అనేదే వెతుకుతారు. ఆయనకూ తన శిష్యురాలు ప్రొఫెసర్ కావడం కన్నా గర్వకారణం ఏముంటుంది? మిగతా సిఫారసు ఉత్తరాలు ఆయన ల్యాబ్‌కు బయటివాళ్ళ దగ్గర తీసుకో. నిద్ర మీద పనిచేసే ఆవిడ నీ పోస్టరు చూసి మెచ్చుకుందని చెప్పావే, ఆవిడను తప్పకుండా అడుగు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. నాలుగేళ్ళ గడువు వచ్చే వేసవితో అయిపోతుందని కంగారు పడుతున్నావు. ఆ నాలుగేళ్ళలో బిడ్డను కన్నవాళ్ళకు ఒక ఏడాది పొడిగింపు ఇస్తారు. బుజ్జిగాడు పుట్టింది నువ్వు పోస్ట్‌డాక్‌లో చేరాకే కదా! అప్లికేషను పంపే ముందే ఎన్‌ఐహెచ్‌లో మానసిక ఆరోగ్య విభాగమైన ఎన్‌ఐఎంహెచ్‌లో ఈ గ్రాంట్లు చూసే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకో. మొదటిసారి రాకపోతే సరిచేసి ఇంకొక్కసారి పంపవచ్చట, ఆ రెండోసారి కూడా గడువులోపలే పడాలి. అందుకే ఆ ఏడాది నీకు ప్రాణం. బిడ్డను సాకుగా చూపించినట్టు ఉంటుందని మొహమాటపడకు. ఆ వెసులుబాటు నీలాంటి తల్లుల కోసమే పెట్టారు.

2025లో అక్కడ చాలా గ్రాంట్లను మధ్యలోనే ఆపేశారని పేపర్లో చదివి మీ నాన్న దిగులుగా ఉన్నారు. నాకూ భయం లేకపోలేదు. అయినా రాయడం మానకు. అక్కడ కుదరకపోతే ఇక్కడ దారులు మూసుకుపోలేదు. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. సొంతంగా పరిశోధన మొదలుపెట్టేవాళ్ళకు ఫెలోషిప్‌లు ఇస్తారు. విదేశాల నుంచి తిరిగొచ్చేవాళ్ళకు డీబీటీ వాళ్ళ రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది, అది ఐదేళ్ళు. వులిమిరి రామలింగస్వామిగారు మన శ్రీకాకుళంలో పుట్టి, మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివినవారు. అమెరికా కోసం రాసిన పన్నెండు పేజీలు వీటికీ ఆధారం అవుతాయి. ప్రశ్న నీదైనప్పుడు దాన్ని ఏ దేశానికైనా తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని చెబుతాను. లక్ష్యాల పేజీ మళ్ళీ రాయి. మొదటి వాక్యంలోనే నిద్ర గురించి ఉండాలి. స్కానింగులు రెండో చోటికి పోనీ. ఈ వారంలోనే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టు, వచ్చేవారం మీ ప్రొఫెసర్‌గారి దగ్గర ఒక గంట టైము అడుగు. అప్లికేషను పంపాల్సిన అక్టోబర్ 12 అంటే దూరం అనిపిస్తుందిగానీ, సిఫారసులు రాసేవాళ్ళకు నెల ముందే నీ కాగితాలు అందాలి.

బుజ్జిగాడి సంగతి నాకు వదిలెయ్యి. వీసా ఉంది, నా బీపీ మందులు ఆరు నెలలకు సరిపడా తీసుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆగస్టు చివర్లో టికెట్టు చూడమని మీ నాన్నతో చెప్పాను. వాడి డేకేర్ వేళలు, తినే తిండి ఒక కాగితం మీద రాసిపెట్టు. నేనొచ్చాక సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకూ నువ్వు గది తలుపు వేసుకుని రాసుకో. మీ ప్రొఫెసర్‌గారు ఏమన్నారో మాట్లాడిన రోజే ఫోన్ చెయ్యి, మాకు ఎంత రాత్రయినా సరే.

అల్లుడుగారికి మా ఆశీస్సులు, బుజ్జిగాడికి ముద్దులు.

మీ అమ్మ