ఖాకీ ధర పెరుగుతోంది, ‘బిన్నీ’ గుడ్డ మాత్రం లేదు

నెల్లూరు చిన్నబజారులోని మా కొట్టుకు వచ్చే ఖాతాదారులందరికీ నమస్కారం. జూన్ 1 నుంచి ఖాకీ డ్రిల్లు గుడ్డ మీటరుకు 15 రూపాయలు పెంచుతున్నాము. నూలు ధర పెరిగింది, లారీ కిరాయి పెరిగింది. దాన్ని తిప్పి తిప్పి చెప్పను.

ఇంకో సంగతి. పెద్దవాళ్లు ఇప్పటికీ ‘బిన్నీ ఖాకీ ఇవ్వు నాయనా’ అని అడుగుతారు. గుడ్డ తాను విప్పగానే అంచు మీద మిల్లు ముద్ర కోసం వెతుకుతారు. ఆ గుడ్డ నేసిన బిన్నీ కంపెనీవారి మిల్లులు, మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు, 1996లోనే మూతపడ్డాయి. మా దగ్గర ఉన్నది ఈరోడ్, భివండీ మరమగ్గాల సరుకు. ఆ మన్నిక దీనికి రాదు. అమ్మేవాణ్ణి నేనే కాబట్టి ఆ మాట నేనే చెబుతున్నాను.

ఆ గుడ్డ గొప్ప చెప్పేవాళ్లు దాన్ని నేసినవాళ్ల ఊసెత్తరు. అన్నం తినడానికి అరగంట విరామం. అందులోనే చేతులు కడుక్కోవాలి, తినాలి, మళ్లీ యంత్రం దగ్గర నిలబడాలి. దాన్ని పెంచమని అడగడంతో మొదలై, 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. మన దేశంలో పద్ధతిగా నడిచిన తొలి కార్మిక సంఘంగా దాన్నే చెబుతారు. అనీ బిసెంట్ సహచరుడు బి.పి. వాడియా అధ్యక్షుడు. ఆయన్ను పిలుచుకొచ్చినవాళ్లలో సెల్వపతి చెట్టి ఒకరు. ఆయనా మాలాంటి వ్యాపారే! అందుకేనేమో నాకు ఆయన మీద కాస్త పక్షపాతం. యాజమాన్యం హైకోర్టుకెక్కి సంఘం నాయకులపై నిషేధపుటుత్తర్వు తెచ్చుకుంది. 1921 సమ్మె నెలల తరబడి సాగింది, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సంఘం పెట్టుకున్నందుకు కోర్టుకీడ్చకుండా రక్షణనిచ్చే చట్టం 1926లో గానీ రాలేదు.

ఇక మన సరుకు సంగతి. నూలు ఖాకీ తీసుకుంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాకే దర్జీకి ఇవ్వండి. లేకపోతే తొలి ఉతుకుకే ప్యాంటు చీలమండ పైకి ఎక్కుతుంది. పాలిస్టర్ కలిసినది కుంచించుకోదు గానీ మన ఎండల్లో ఉక్కపోస్తుంది. పిల్లలకైతే నేను నూలుదే ఇస్తాను.

పాఠశాలల ఆర్డర్లు మే నెలాఖరులోపు ఇస్తే పాత ధరే. ఆ తర్వాత వచ్చి నన్ను మొహమాటపెట్టవద్దు.