మన ఊరు డెల్ఫ్ట్: 2024 వార్షిక నివేదిక

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో ఉంటున్న మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక అక్క అడిగిన మాటతో ఈ ఏడాది పని మొదలైంది. "ఆరేళ్లుగా ఉంటున్నాం. యూనివర్సిటీ, స్టేషన్, కూరగాయల కొట్టు తప్ప ఈ ఊళ్లో మనకేం తెలుసు?" అందుకని పండగలతో పాటు ఆదివారాల్లో పేట పేటా నడిచి చూద్దామని తీర్మానించాం. రెండు నడకలు వానకు పోయాయి, ఆరు జరిగాయి.

మొదటిది ఔడె డెల్ఫ్ట్ కాలువ గట్టున. 'తవ్వడం' అనే అర్థమున్న డచ్చి మాటే ఈ కాలువ పేరైంది, తర్వాత ఊరి పేరైంది. 39వ నంబరు ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాం. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు ఊళ్లలో శాఖలుండేవి. డెల్ఫ్ట్ శాఖ ఈ ఇంట్లోనే నడిచింది. మచిలీపట్నం రేవుకొచ్చి మన అద్దకం బట్టలు ఓడల కెత్తుకుపోయింది ఆ కంపెనీయే. ఈ సంగతి చెబుతుంటే, బందరు నుంచి కూతురి దగ్గరికొచ్చిన పెద్దమ్మగారు ఉలిక్కిపడి, "అయితే మా వలందపాలెం వీళ్ల పేరుదా!" అన్నారు. అవును, హాలండు వాళ్లు మన నోట వలందులయ్యారు. ఆవిడ గుమ్మం పక్క గోడను చేత్తో తడిమి, ఫొటో తీయించుకుని, అక్కడికక్కడే బందరులోని చెల్లెలికి పంపారు. ఈ ఏడాదంతటిలో నాకు మిగిలిపోయేది ఆ నిమిషం.

ఊరి నడిబొడ్డు చౌకు మార్క్ట్‌లో నీవె కెర్క్ (కొత్త చర్చి) చూశాం. స్పెయిన్ మీద డచ్చి వాళ్ల తిరుగుబాటు నడిపి, 1584 జులై 10న తన నివాసమైన ప్రిన్సెన్‌హాఫ్‌లో హత్యకు గురైన విలియం ఆఫ్ ఆరెంజ్ సమాధి ఈ చర్చిలోనే ఉంది. ఔడె కెర్క్‌లో (పాత చర్చి) చిత్రకారుడు వెర్మీర్ సమాధి ఉంది కానీ, పిల్లలకు నచ్చింది దాని ఒరిగిన గోపురమే. మెడలు పక్కకు వంచి దాన్ని నిటారుగా చూడాలని పోటీలు పడ్డారు.

పార్దెన్‌మార్క్ట్ (గుర్రాల సంత) అనే మైదానం అంత విశాలంగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. 1654 అక్టోబరు 12న మందుగుండు గిడ్డంగి పేలి అక్కడి ఇళ్లన్నీ నేలమట్టమయ్యాయి. చిత్రకారుడు రెంబ్రాంట్ శిష్యుడు ఫాబ్రిటియస్ ఆ రోజే పోయాడు. ఆ ఖాళీ జాగాలోనే తర్వాత గుర్రాల సంత పెట్టారు. రోజూ సైకిలు మీద దాటిపోయే చోటది.

ఉగాదికి మాట్లాడుకున్న హాలును అదే రోజు ఇంకొకరికీ ఇచ్చేశారని ముందురోజు తెలిసింది. డబ్బు తిరిగొచ్చింది గానీ, పంచాంగ శ్రవణానికి చోటు లేదు. చివరికి యూనివర్సిటీ లైబ్రరీ కప్పు మీది పచ్చిక వాలున దుప్పట్లు పరిచాం. వేపపువ్వు లేక పచ్చడిలో కాకరకాయ వేశాం, ఎవరూ వంక పెట్టలేదు. హాలుకు రాతపూర్వక ఒప్పందం లేకపోవడం కార్యవర్గం తప్పు, ఇకమీదట అలా జరగదు.

ఫీనిక్స్‌స్ట్రాట్ వీధి నడకకు పాత సభ్యులే దారి చూపారు. 2015లో సొరంగం తెరిచేదాకా రైళ్లు ఇళ్ల పక్కనే వంతెన మీద మోగుతూ పోయేవి. ఆ శబ్దం ఎరిగినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. ది రోస్ గాలిమర దగ్గర గోధుమపిండి కొన్నాం.

జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం, దయచేసి చూసి సందేహాలు అడగండి.

వచ్చే ఏడాది మొదటి నడకకు బదులు సైకిలు యాత్ర: స్కీ కాలువ వెంట డెల్ఫ్స్‌హావెన్‌కు. ఇప్పుడది రోటర్‌డామ్‌లో భాగమైనా, పూర్వం డెల్ఫ్ట్ వాళ్ల రేవు. పెద్దమ్మగారు అప్పటికి మళ్లీ వస్తామన్నారు. ఆవిడ కోసం ముందు తొట్టి ఉన్న సైకిలు ఎవరిస్తారో చెప్పండి.