చీపురుపుల్ల కొలత

విజయనగరం,
ఆదివారం పొద్దున్న

చిట్టితల్లీ,

నిన్న ఫోనులో మాటల మధ్య ఒక ముక్క అన్నావు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటోందనీ, నాలుగడుగులు వేశాక సర్దుకుంటోందనీ. అని, వెంటనే మాట మార్చేశావు. రాత్రంతా నాకు అదే ధ్యాస. ఫోనులో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే రెండోసారైనా చదువుతావని రాస్తున్నాను.

నాకూ అలాగే మొదలైంది. ముప్పై రెండేళ్లు బడిలో నిలబడి పాఠం చెప్పినదాన్ని, మడమ నొప్పి మామూలే అనుకున్నాను. తరవాత మోకాళ్లు పట్టుకున్నాయి. నొప్పి అని నడక తగ్గించాను. నడక తగ్గాక ఒళ్లు పెరిగింది, ఒళ్లు పెరిగాక నొప్పి ఇంకా ఎక్కువైంది. ఆఖరికి అయ్యకోనేరు గట్టుకి వెళ్లాలన్నా ఆటో పిలిచేదాన్ని. మన వీధి చివరే కదమ్మా గట్టు!

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, గుజ్జు కొంత అరిగిందన్నారు. తరవాత, గుమ్మం బయట విప్పిన నా చెప్పులు తెమ్మన్నారు. నాకు సిగ్గేసింది. ఆయన వాటిని తిరగేసి చూపించారు. రెండింటికీ మడమ దగ్గర బయటి అంచు అరిగిపోయింది, కుడిదానికైతే ఏటవాలుగా కోసేసినట్టుంది. "చదును నేల మీద నడిచినా మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడింతలు పడుతుందమ్మా. మీరేమో అడుగడుక్కీ పక్కకి ఒరిగి నడుస్తున్నారు" అన్నారు. ఇక నడవొద్దంటారని కూర్చున్నాను. ఆయన నడవమన్నారు. ఆ గుజ్జుకి రక్తనాళాలు ఉండవట. కీలు కదిలినప్పుడే లోపలి జిగటనీరు దాంట్లోకి ఇంకి పోషణ అందుతుందట, స్పాంజిని నొక్కి వదిలినట్టు. కదలకుండా కూర్చుంటే ఆ కాస్తా అందదు, తొడ కండరం కూడా నీరసించి కీలుకి దన్ను పోతుంది. నొప్పికి భయపడి కూర్చున్న నా నాలుగేళ్లూ గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి.

మర్నాడు పొద్దున్నే గంటస్తంభం వైపు వెళ్లి బూట్లు కొనేశాను. వేళ్ల దగ్గర బిగుతుగా ఉన్నాయంటే, "వాడగా వాడగా సాగుతాయండీ" అన్నాడు కొట్టతను. సాగలేదు. మూడో రోజుకి చిటికెన వేలు బొబ్బెక్కింది. వాటిని అటక మీద పడేసి మళ్లీ హవాయి చెప్పులే వేసుకున్నాను. అక్కడితో మానేసేదాన్నే. మీ పెద్దప్ప వచ్చి చెయ్యి పట్టుకుని ఇంకో కొట్టుకి తీసుకెళ్లింది.

ఈసారి సాయంత్రం ఆరు దాటాక వెళ్లాం. పగలంతా తిరిగాక కాలు కాస్త ఉబ్బుతుంది, ఆ కొలతకే కొనాలి. నిలబెట్టి రెండు కాళ్లూ కొలిపించింది. నా కుడి పాదం ఎడమదానికంటే పొడుగని అరవై మూడో ఏట తెలిసింది. పెద్ద కాలికి సరిపోయిందే తీసుకున్నాం, అన్నిటికంటే పొడుగు వేలికి ముందు ఇంకో బొటనవేలి వెడల్పంత చోటు వదిలి. బూటు కొన వేళ్లు విచ్చుకునేంత వెడల్పుండాలి. వెనక మడమని పట్టుకునే భాగం నొక్కితే లొంగకూడదు. ముందు భాగం వేళ్లు మడిచే చోటే వంగాలి. నడుమ దగ్గర కాగితంలా మడతపడితే పక్కన పెట్టేయమంది. దూదిలా మెత్తగా ఉన్నవి చేతిలోకి తీసుకుంటే అప్ప లాగేసుకుంది. మరీ మెత్తనైతే కాలు కుదురుగా నిలవదట. కట్టుకునే తాళ్లు వద్దని పట్టీ అంటించేవి తీసుకున్నాను, గుడి దగ్గర వంగకుండా విప్పుకోవచ్చు. కొట్లోనే పది నిమిషాలు అటూ ఇటూ నడిచి చూశాకే డబ్బులిచ్చాం.

చీర కింద బూట్లేమిటని మొదటి వారం చీకటితోనే వెళ్లొచ్చేదాన్ని. తరవాత ఆ బిడియం పోయింది. గట్టు మీద నాలాంటివాళ్లు ఇద్దరు ఆగి, ఎక్కడ కొన్నానో అడిగారు కూడా.

అరిగిన గుజ్జు తిరిగి రాదు, అది నాకు తెలుసు. కానీ మొదట పది నిమిషాలకే ఆగిపోయినదాన్ని, ఇప్పుడు ఆగకుండా నలభై నిమిషాలు నడుస్తున్నాను. రాత్రి గోడ పట్టుకోకుండా లేస్తున్నాను. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, తొడ బిగించి పది లెక్కపెట్టి వదిలే వ్యాయామం కూడా రెండు పూటలా చేస్తున్నాను. ఇంట్లో ఈ టైల్స్ మీద ఉత్త కాళ్లతో తిరగడం మానేశాను. మెత్తటి రబ్బరు అట్ట ఉండే ఎం.సి.ఆర్. చెప్పులు ఇంట్లోకే విడిగా ఉంచాను, దేవుడి గది గుమ్మం బయట విప్పుతాను. మామ్మ ఉంటే ఒప్పుకునేది కాదేమో. కానీ ఆవిడ ఆఖరి ఆరేళ్లూ మంచం మీదే గడిచాయి, అది కూడా నేను చూశాను.

నాన్నకీ కొన్నాం. ఆయనకి సుగర్ కదా, అరికాళ్లకి స్పర్శ తగ్గింది. వేసుకునే ముందు బూటులో చెయ్యి పెట్టి చూడందే గడప దాటనివ్వను. మొన్న ఒక గులకరాయి దొరికింది.

నా చిన్నప్పుడు మా నాన్న సంతకి వెళ్తూ చీపురుపుల్ల మా పాదం పక్కన పెట్టి, వేలి కొన దగ్గర తుంచి, జేబులో వేసుకుని వెళ్లేవాడు. ఆ పుల్ల కొలతకి చెప్పులొచ్చేవి. పొడుగు సరిపోయేది, వెడల్పు పుల్లకేం తెలుస్తుంది? అయినా అవి వేసుకుని ఊరంతా తిరిగేవాళ్లం. ఆ నాన్న కూతురిని నేను. నీకేమో ఇన్నేళ్లూ పండక్కి పట్టుచీరలు కొన్నాను గానీ, నీ కాలి కొలత ఒక్కసారీ అడగలేదు.

రేపు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక తెల్లకాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీయి. నువ్వు పాఠం చెప్పేటప్పుడు వేసుకునే ఆ ఎత్తు మడమల చెప్పులు ఆ గీత మీద పెట్టి చూడు. వేళ్లు ఎంత నలుగుతున్నాయో నీకే కనిపిస్తుంది. మంచం దిగేముందు పాదాన్ని చేత్తో నీ వైపు లాక్కుని, పిక్క సాగదీసి, అప్పుడు నేల మీద పెట్టు. కొన్ని వారాల్లో నెమ్మదించకపోతే డాక్టరుకి చూపించుకోవాలి, వాయిదా వేయకు. బూట్ల డబ్బులు నేను పంపుతాను, కాదనకు.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను పండగ. సెలవు పెట్టి రా తల్లీ. గుడికీ కోటకీ మధ్య, కొనమీద పూజారి కూర్చున్న ఆ పొడుగాటి మాను మూడుసార్లు తిరగడం నాలుగేళ్లుగా టీవీలోనే చూస్తున్నాను. ఈసారి మధ్యాహ్నమే బయల్దేరి మూడు లాంతర్ల కూడలి దాకా నడిచే వెళ్దాం, నువ్వూ నేనూ.

ఉంటాను.

అమ్మ